కడిగి వచ్చిన క్యారేజీ

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. నాతో పనిచేసిన వాళ్ళెవరైనా ఇది చదివితే "ఈవిడా కోపం గురించి రాసేది!" అని నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, తప్పు లేదు. నూజివీడులోని ఒక ఆసుపత్రిలో, మానసిక వైద్య విభాగంలో సైకాలజిస్టుగా చేరి అక్కడే రిటైరయ్యాను. ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డవాళ్ళతోనూ, ఆ ఆలోచనలతో నలిగిపోతున్నవాళ్ళతోనూ కూర్చుని మాట్లాడటం నా పని. అందులో ఒక భాగం వాళ్ళ కోపాన్ని కొలవడం. ఎంత కోపం వస్తోంది, వచ్చింది ఎటు పోతోంది, దాన్ని ఎలా పట్టి ఉంచుకుంటున్నారు అని. మా ఆయన మాత్రం "ఊరందరి కోపాన్నీ తూచే మనిషి ఇంటికొచ్చేసరికి తక్కెడ ఎక్కడో పారేసుకుంటుంది" అని దెప్పేవారు. ఆ మాటకీ నాకు కోపం వచ్చేది.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు మా ఇంటికి వస్తున్నారు. మంచి చదువులు చదివినవాళ్ళు. నేను కాఫీ తెచ్చేలోపే "మేడమ్, మీరు ఏ స్కేలు వాడేవారు? ఎంత దాటితే ప్రమాదం అనుకునేవారు?" అని మొదలుపెడతారు. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ సభలో ఎవరు శాలువా కప్పారో వాళ్ళకి అక్కర్లేదు. నాకూ అక్కర్లేదు. స్కేలు గురించి మాత్రం చెప్పాలి. ఆ స్కేలుకి అందకుండా తప్పించుకున్న ఒక మనిషి గురించి ఇంకా వివరంగా చెప్పాలి.

ఎవరు ఎలా ప్రాణం తీసుకోబోయారన్నది ఇందులో ఎక్కడా రాయను. అది తెలుసుకుని బాగుపడ్డవాళ్ళని నేను చూడలేదు. పేర్లు, ఆనవాళ్ళు మార్చాను.

తలుపుల్లేని ఇళ్ళు

ఆత్మహత్య అనగానే జనం దుఃఖం గురించే మాట్లాడతారు. పక్కన కూర్చుని ఓపిగ్గా వింటే చాలామందిలో దుఃఖం కింద కోపం తగులుతుంది. మొగుడి మీద, అత్త మీద, దేవుడి మీద, అన్నిటికన్నా ఎక్కువగా తన మీద తనకి. అందుకే దాన్ని కొలవడానికి మా దగ్గర ఒక ప్రశ్నల వరస ఉండేది, స్కేలంటే అదే. కోపాన్ని బయటికి చూపిస్తారా, లోపల మింగుకుంటారా, అదుపు చేసుకుని చల్లారతారా అని మూడు పాళ్ళుగా తేలుస్తుంది. ఒక్కో వాక్యం చదువుతాం. అది తమకి ఎంత తరచుగా జరుగుతుందో వాళ్ళు చెప్పాలి. పనికొచ్చే వస్తువే. దాన్ని ఆడిపోసుకోవడానికి ఇది రాయడం లేదు.

కాకపోతే అది ఎక్కడో ఎవరో తమ మనుషుల కోసం చేసుకున్నది. తెలుగులోకి మార్చినవాళ్ళు భాష మార్చారు గానీ ఇళ్ళు మార్చలేదు. "కోపం వస్తే తలుపులు దబాలున వేస్తాను" అని అందులో ఒక వాక్యం. మామిడికాయల కోతకి వెళ్ళే ఒకామెని అది అడిగితే నన్ను జాలిగా చూసింది.

"తలుపెక్కడిదమ్మా, మాది తడిక. ఇసిరేస్తే ఊడి చేతికొచ్చిద్ది. మళ్ళీ నేనే కట్టుకోవాలి" అంది.

"కోపం వస్తే వెటకారంగా మాట్లాడతాను" అని ఇంకొకటి. బజారులో పెద్ద కిరాణా కొట్టున్న షావుకారు గారు ఒకరు దానికి నిజంగానే ఆశ్చర్యపోయారు. "వెటకారం కోపమెలా అవుతుందండీ? మా కొట్లో మామూలు మాటే అది" అన్నారు. ఆయన కొట్లో సరుకులు కొన్నదాన్ని కాబట్టి నమ్మాను.

అసలు కోపం అన్న మాటనే చాలామంది ఒప్పుకోరు. ఆడవాళ్ళు "కోపం కాదండీ, బాధ" అంటారు. పెద్దవాళ్ళ మీదైతే మగవాళ్ళూ అంతే, "ఆయన మీద నాకు కోపమేంటండీ?" అని ఎదురడుగుతారు. మరి కోపం వస్తే ఏం చేస్తారు? అలుగుతారు. అన్నం మానేస్తారు, మాట మానేస్తారు, గోడ వైపు తిరిగి పడుకుంటారు. ఎవరో ఒకరు వచ్చి "లే, రెండు ముద్దలు తిను" అని బతిమాలాలి. ఒక్క పిలుపుకే లేస్తే అలక్కి విలువ లేదు. మరీ బెట్టు చేస్తే పిలిచేవాళ్ళు విసుక్కుని వెళ్ళిపోతారు. ఈ లెక్కలన్నీ ఇంటిల్లిపాదికీ తెలుసు. మా ప్రశ్నల వరసలో మాత్రం వీటిలో ఒక్కదానికీ చోటు లేదు.

అందుకని కొత్తవాళ్ళకి నా మొదటి మాట ఇది. "మీ ఇంట్లో ఫలానా మనిషికి కోపం వస్తే మిగతావాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అని ముందు అడగండి. ఆ జవాబు విన్నాక స్కేలు తీయండి.

మా డాక్టరు గారు

మా విభాగానికి పెద్ద మూర్తి గారు. హస్తవాసి మంచిదని పేరు. రోగి ఎదుట ఆయన గొంతు పెంచడం నేను ఎన్నడూ చూడలేదు. కానీ అంకెలంటే ప్రాణం. నేను ఎవరి గురించైనా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "రత్నం గారూ, కథ తర్వాత వింటాను, ముందు స్కోరు చెప్పండి" అనేవారు. ఆ తర్వాత అన్నది ఎప్పుడూ వచ్చేది కాదు.

ఒకసారి హనుమాన్ జంక్షన్ నుంచి ఒక లారీ మెకానిక్‌ని తీసుకొచ్చారు. నోరు తెరిస్తే తిట్లు. నర్సుల్నీ, సెలైన్ స్టాండునీ, నన్నూ వరసపెట్టి తిట్టాడు. పక్క వరసలోనే ఒక టీచరమ్మ ఉండేది. ఆవిడ వచ్చినవాళ్ళందరికీ దణ్ణం పెట్టి, "మీకు శ్రమ ఇచ్చానండీ, క్షమించండి" అనేది. వార్డు వార్డంతా మెకానిక్ చుట్టూ కాపలా కాసింది. ఆవిడ దగ్గర ఒక్క మనిషి లేడు. నేను వరండాలో నిలబడి గట్టిగా గొడవపడి ఆవిడ దగ్గరా మనిషిని పెట్టించాను.

మూర్తి గారు నన్ను పిలిచి మందలించారు. "స్టాఫ్ ముందు అలా అరిస్తే ఎలాగండీ? ముందు మీకే స్కేలు ఇవ్వాల్సి వచ్చేట్టుంది."

"ఇవ్వండి, నేనైతే నిజమే చెబుతాను" అన్నాను.

అరిచేవాడికి ప్రమాదం లేదని నేను అనడం లేదు. ఆ మెకానిక్‌కీ ప్రమాదం ఉంది, అతని దగ్గరా మనిషి ఉండాల్సిందే. నేను చెప్పేదల్లా, అరుపు చూసి భయపడటం, మర్యాద చూసి ఊరటపడటం మనకి ఒక అలవాటు అని. మర్యాదగా ఉన్న మనిషి మన పని తేలిక చేస్తాడు కాబట్టి ఆ అలవాటు పడింది. స్కేలులో అదుపు ఎక్కువ వచ్చిందంటే మనిషి చల్లబడ్డాడని అర్థం కావచ్చు, మూత గట్టిగా బిగించుకున్నాడని కావచ్చు. ఏదన్నది అంకె చెప్పదు. ఈ విషయం నాకు పూర్తిగా తెలిసి వచ్చింది సత్యం గారి దగ్గర.

సత్యం గారు

ఆయనకి నలభై దాటి ఉంటాయి. ముసునూరు దగ్గర ఆయనకీ, అన్నగారు వీరభద్రం గారికీ ఉమ్మడి మామిడి తోట ఉంది. తండ్రి తొందరగా పోతే అన్నగారే బడి మానేసి సేద్యం మీద వేసుకుని, తమ్ముడిని పెంచి పెళ్ళి చేశారు. తోట తండ్రి వేసింది. చిన్న రసాలు, పెద్ద రసాలు, గట్టు వెంట బంగినపల్లి. ఒకసారి సత్యం గారు చింతలపూడిలో అత్తగారి వైపువాళ్ళ పెళ్ళికి వెళ్ళి తిరిగొచ్చేసరికి రోడ్డు వైపు సగం తోట లేదు. అన్నగారు చెట్లు కొట్టించి, మొదళ్ళు పెకలించి, పామాయిల్ మొక్కలకి గుంతలు తీయిస్తున్నారు.

అన్నగారి వైపు న్యాయం లేకపోలేదు. చెట్లు ముసలివయ్యాయి. పూత నిలవడం లేదు, పూత నిలిచిన ఏడు ధర నిలవడం లేదు. చుట్టుపక్కల అందరూ పామాయిల్‌కి మారుతున్నారు. కానీ తమ్ముడికి ముందుగా ఒక్క మాట చెప్పలేదు. చెబితే వద్దంటాడని ఆయనకి తెలుసు.

సత్యం గారు "నీ ఇష్టం అన్నయ్యా" అని ఊరుకున్నారట. కొన్ని నెలల తర్వాత మా వార్డులో మంచం మీద ఆయన్ని మొదటిసారి చూశాను. ఒక్క చెట్ల వల్లే అంత దూరం వెళ్ళారని అనను. అలా ఒకే ఒక్క కారణం చెప్పేవాళ్ళని మీరూ నమ్మకండి. నిద్ర కరువై చాలాకాలమైంది, మనసు కుంగి ఉంది, ఒంట్లోనూ బాగా లేదు. అన్నీ కలిశాయి.

"మీ అన్నయ్య మీద కోపం వచ్చిందా?" అని అడిగాను.

"అన్నయ్య మీదా? ఛ ఛ. నాన్న లాంటోడండీ ఆయన. కోపమేంటి?"

స్కేలులో బయటికి చూపే కోపం దాదాపు లేదు. అదుపు చాలా ఎక్కువ వచ్చింది. మింగుకునేది కూడా మామూలుగానే తేలింది, ఎందుకంటే తను మింగుతున్నది కోపమని ఆయన ఒప్పుకోవడం లేదు. అప్పుడు నా ప్రశ్న బయటికి తీశాను. ఆయన్ని కాదు, భార్య పద్మావతిని అడిగాను. ఆయనకి కోపం వస్తే మీకెలా తెలుస్తుందమ్మా అని.

ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "నోటితో ఏమీ అనరండీ. తోటలో పాకలోకి పోయి పడుకుంటారు. నేను ఆ దారిన పోయే ఆటోలో అన్నం క్యారేజీ పంపిస్తాను. కోపముంటే మూత కూడా తీయకుండా అలాగే తిరిగొచ్చిద్ది. అప్పుడు నేను పోయి బతిమాలతాను. మరీ ఎక్కువ కోపమైతే మా బావగారే పోతారు. ఆయన 'లేరా, తిందాం' అంటే చాలు, లేస్తారు. కోపం పోయిందంటే క్యారేజీ శుభ్రంగా కడిగి పంపుతారు. అదండీ మా గుర్తు."

"మరి చెట్లు కొట్టించినప్పుడో?"

"అప్పుడు పాకలోకి పోలేదండీ. ఇంట్లోనే కూర్చుని తిన్నారు" అంది.

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పటికి నాకే సరిగ్గా తెలియదు.

తళతళలాడే గిన్నెలు

కొన్నాళ్ళకి ఇంటికి పంపించాం. మందులు రాశారు. ఇంట్లో ప్రమాదకరమైన వస్తువులన్నీ వీరభద్రం గారింటికి చేర్పించి తాళం వేయించాం. ఒంటరిగా వదలొద్దని చెప్పాం. ఈలోగా కాయల కాలం వచ్చింది. మిగిలిన సగం తోట కాపు మీద ఉంది, పగలు వెళ్ళి చూసుకుంటానని సత్యం గారు అడిగారు. చీకటి పడకముందే ఇంటికి రావాలన్న షరతు మీద మూర్తి గారు సరేనన్నారు. పాక పక్కనే కాపలా కుటుంబం ఒకటి ఉంటుంది. మధ్యాహ్నం అన్నం మామూలుగానే ఆటోలో వెళ్ళేది.

తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు మళ్ళీ ప్రశ్నలు అడిగాను. అదుపు ఇంకా పెరిగింది. కోపం ఎక్కడా లేదు. పద్మావతి ముఖం వెలిగిపోతోంది.

"ఇప్పుడు అసలు కోపమే లేదండీ. రోజూ క్యారేజీ తళతళా కడిగి పంపుతున్నారు."

మూర్తి గారు నా వైపు తిరిగి నవ్వారు. "చూశారా రత్నం గారూ? మీ క్యారేజీ, నా స్కేలు ఒకే మాట చెబుతున్నాయి."

అంతలో నర్సు సత్యం గారిని తూకం మీద నిలబెట్టింది. కిందటిసారి కన్నా తగ్గారు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. మూర్తి గారు "ఎండలు కదండీ, అందరూ తగ్గుతారు" అన్నారు. నాకు మాత్రం ఆ తగ్గడం ఎండ వల్ల అనిపించలేదు.

"నిన్న మధ్యాహ్నం కూరేంటి సత్యం గారూ?" అని అడిగాను.

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడే అందుకుంది, "మామిడికాయ పప్పండీ" అని. "ఆఁ, పప్పండీ" అన్నారు ఆయన.

అప్పుడు సూటిగా అడిగాను, చచ్చిపోవాలన్న ఆలోచన మళ్ళీ వస్తోందా అని. "లేదండీ" అన్నారు, నా ప్రశ్న పూర్తి కాకముందే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ ప్రశ్న అడగడానికి మన వాళ్ళు చాలామంది భయపడతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అనుకుంటారు. పుట్టదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను. సూటిగా, ఆ మాటలతోనే అడగండి. లేదన్నంత మాత్రాన అక్కడితో వదిలేయకండి. ఇది చదువుతున్న మీకే అలాంటి ఆలోచనలుంటే, మీకు కాస్తయినా నమ్మకమున్న మనిషికి ఇవాళే చెప్పండి. అవతలి వాళ్ళకి ఇబ్బంది అని ఆగకండి. సత్యం గారూ అలాగే ఆగారు.

వాళ్ళు వెళ్ళాక, ఒకసారి ఆ తోటకి వెళ్ళి వస్తానని మూర్తి గారితో అన్నాను.

"మనం ఆసుపత్రి వాళ్ళమండీ. తోటలు తిరగడానికి మామిడికాయల బేరగాళ్ళం కాదు."

"బేరగాళ్ళకున్న జ్ఞానం మనకి లేదండీ. వాళ్ళు చెట్టు దగ్గరికి పోయి చూడకుండా కాపు ఎంతో చెప్పరు" అన్నాను. మాట కొంచెం పెద్దదే. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి "వెళ్ళండి, లేకపోతే నాకిక్కడ శాంతి ఉండదు. ఆయన ఒప్పుకుంటేనే సుమా" అన్నారు.

సత్యం గారికి ఫోన్ చేశాను. "మీ ఇష్టమండీ" అన్నారు. అన్నగారితో అన్న మాటే.

తోటలో

మర్నాడు క్యారేజీ వెళ్ళిన కాసేపటికి నేనూ పద్మావతీ బయల్దేరాం. ఆటో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. రోడ్డు వైపు పామాయిల్ మొక్కలు మోకాలెత్తున ఉన్నాయి, వాటి మధ్య నేల బోసిగా ఉంది. అవి దాటాక మామిడి నీడ మొదలైంది. పాక ముందు సత్యం గారు బోరు పంపు దగ్గర గొంతుక్కూర్చుని క్యారేజీ గిన్నెలు తోముతున్నారు. ఇంత శ్రద్ధగా గిన్నెలు తోమే మగవాణ్ణి మా ఇంట్లో నేను చూడలేదు. ఆయన పక్కన విస్తరాకులో అన్నం, పప్పు, వేపుడు. ఒక కుక్క తాపీగా తింటోంది. మిగతా తోటల కుక్కల డొక్కలు లెక్కపెట్టొచ్చు, దీనికి మాత్రం నడుము కనపడటం లేదు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే తూకం మీద ఆయన తగ్గిన సంగతి గుర్తొచ్చింది.

పద్మావతి అక్కడే నిలబడిపోయింది. "కుక్కకా? ఇన్నాళ్ళూ నేను వండింది కుక్కకా?" అంది.

ఆయన తల ఎత్తలేదు. నేను ఎదురుగా ఒక రాయి మీద కూర్చుని, తినకపోతే తిరిగి పంపొచ్చు కదా, ఎందుకు కడిగి పంపుతున్నారని అడిగాను.

"తిరిగి పంపితే ఈవిడ కంగారు పడిద్దండీ. బతిమాలడానికొచ్చిద్ది. అన్నయ్యకి చెప్పిద్ది. ఆయనా వస్తాడు. ఎందుకండీ అందరికీ ఇబ్బంది?"

"ఎవరూ రాకూడదనా?"

ఆయన తల ఊపారు.

అలిగిన మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నా చెవులు గుమ్మం వైపే ఉంటాయి, ఎవరో వస్తారని. ఈయన ఆ ఎదురుచూడటం మానేశారు. కోపం పోయిందని ఇంటివాళ్ళకి తెలిపే గుర్తునే, ఎవరినీ రానివ్వకుండా ఉండటానికి వాడుకుంటున్నారు. మా స్కేలులో పెరిగిన అదుపంతా ఇదే.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను, అందరి మీదా. "మీ అన్నయ్య చేసింది తప్పు" అన్నాను.

"ఆయన్ని ఏమీ అనకండి."

"తప్పే. మీకు చెప్పకుండా చెట్లు కొట్టించడం తప్పే."

ఆయన లేచి నిలబడ్డారు. "మీరెవరండీ మా అన్నయ్యని అనడానికి? మీకేం తెలుసని? ఆయన పస్తులుండి నాకు పెట్టాడు. ఆస్పత్రిలో కూర్చుని ప్రశ్నలు అడుక్కోక, మా తోటలోకొచ్చి మా గిన్నెలు చూస్తారా? చదువుకున్నోళ్ళకి సిగ్గుండదా?" ఆ గొంతు అంత పెద్దదని నేను ఊహించలేదు. కాపలా వాళ్ళు బయటికి వచ్చారు. పద్మావతి ఆపబోతే చెయ్యి పట్టుకున్నాను. ఆయన తిడుతూ తిడుతూ రోడ్డు వైపు తిరిగారు. "ఆ మూల చెట్టు మా నాన్న నన్నెత్తుకుని నీళ్ళు పోసింది. అదొక్కటి ఉంచమనేవాణ్ణి, అడిగితే. అడిగాడా? ఒక్క మాట అడిగాడా? నేను మనిషిని కాదా?" అని నేల మీద కూలబడి ఏడ్చారు. పద్మావతి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. కుక్క కూడా తినడం ఆపింది.

చాలాసేపటికి ఏడుపు తగ్గాక, ముందు రోజు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగాను. ఈసారి తొందరపడలేదు. "వస్తోందండీ. రోజూ వస్తోంది" అన్నారు.

కొత్తవాళ్ళు ఇది చదివి, మనిషిని రెచ్చగొడితే లోపలున్నది బయటికి వస్తుందని అనుకోకండి. నేను ఆ రోజు చేసింది పద్ధతి కాదు, మీరు చేయొద్దు. భార్య పక్కన ఉంది, సాయానికి మనుషులున్నారు, ఆసుపత్రి దూరం కాదు. అవి లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ. అటునుంచి అటే ఆయన్ని ఆసుపత్రికి తీసుకొచ్చి చేర్పించాం. నేను మూర్తి గారి గదిలోకి వెళ్ళేసరికి ఆయన నా ముఖం చూసి కుర్చీ చూపించారు.

"స్కోరు వద్దులెండి. కథ చెప్పండి" అన్నారు.

మొత్తం విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. మందు మార్చారు, తర్వాత చాలా రోజులు రెండు పూటలా స్వయంగా వచ్చి చూశారు.

అన్నగారు

వీరభద్రం గారిని పిలిపించాను. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, బిగుసుకున్న మొహం. "కుటుంబం కోసమే చేశానమ్మా. వాడికి నేను అన్యాయం చేస్తానా?" అన్నారు.

"అన్యాయం సంగతి కాదండీ. ఆయనకి మీ మీద కోపం వచ్చింది. మీరు వెళ్ళి బతిమాలలేదు."

"వాడు అలగందే!" అన్నారు ఆయన ఠక్కున. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "చెట్లు కొట్టించిన సంగతి వాడు చూసిన రోజు సాయంత్రం నేను అరుగు మీదే కూర్చున్నానమ్మా, పాకలోకి పోతాడేమో, పోతే వెనకాలే పోదామని. వాడు పోలేదు. ఇంట్లో కూర్చుని తిన్నాడని మా మరదలు చెబితే, పోన్లే, కోపం లేదనుకున్నాను."

ఆయన మీద నాకున్న కోపం అక్కడితో పోయింది. తమ్ముడు అలిగితే వెళ్ళాలని ఆయనకి తెలుసు. అలగడం మానేసినవాడి దగ్గరికి ఎలా వెళ్ళాలో తెలియదు. అది తెలియనివాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు.

అన్నదమ్ముల్ని మా గదిలో కూర్చోబెట్టాం. పెద్దగా మాట్లాడుకోలేదు. అన్న "అడగాల్సింది" అన్నారు. తమ్ముడు కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నారు. మా పనిలో చాలా రోజులు ఇలాగే గడుస్తాయి, దానికి సిద్ధపడి రండి. ఒక్క రోజుతో ఎవరూ బాగుపడరు. సత్యం గారు మందులు చాలాకాలం వాడారు. ఆ తర్వాతి ఏడు ఒకసారి మనసు బాగాలేదని ఎవరూ తీసుకురాకుండా తానే బస్సెక్కి మా దగ్గరికి వచ్చారు. నేను దాచుకున్న గెలుపుల్లో అది పెద్దది.

అయితే నా లెక్కలో ఆయన మలుపు తిరిగింది అంతకన్నా ముందే. ఇంటికి వెళ్ళి కొన్ని వారాలైన తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను అన్నానికి కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. పద్మావతి గొంతు వణుకుతోంది.

"మేడమ్ గారూ, క్యారేజీ అలాగే తిరిగొచ్చిందండీ! మూత కూడా తీయలేదు. మళ్ళీ మొదటికొచ్చిందండీ!"

ఆయన దగ్గర ఎవరున్నారని ముందు అడిగాను. కాపలా ఆయన పాక గుమ్మంలోనే కూర్చున్నాడని, ఈయన లోపల అటు తిరిగి పడుకుని గొణుగుతున్నారని చెప్పింది. ఏం జరిగిందని అడిగాను. పొద్దున వీరభద్రం గారు మిగిలిన సగం తోటలోనూ పామాయిల్ వేసే మాట ఎత్తారట. ఈయన "కుదరదు" అన్నారట. మాటా మాటా పెరిగి ఇద్దరూ వీధిలోకి వినపడేట్టు అరుచుకున్నారట.

"మంచిదమ్మా" అన్నాను.

"మంచిదేంటండీ! అన్నం తినలేదంటుంటే!"

"మీరు వెళ్ళకండి. మీ బావగారి చేతికి అదే క్యారేజీ ఇచ్చి పంపండి. వెంటనే పంపండి."

ఫోన్ పెట్టేశాను గానీ ముద్ద దిగలేదు. కంచం పక్కకి జరిపి, ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన రెండుసార్లు వచ్చి చూసి, "నువ్వెవరి మీద అలిగావు?" అన్నారు.

పొద్దు వాలాక మళ్ళీ మోగింది. ఈసారి పద్మావతి గొంతు వణకడం లేదు, మండిపడుతోంది.

"వచ్చిందండీ క్యారేజీ. అన్నదమ్ములిద్దరూ అందులోనే తిన్నారట. తిని, కబుర్లు చెప్పుకుంటూ చెట్ల కింద తిరిగారట. గిన్నెలు కడగలేదండీ! పప్పు ఎండిపోయి అడుక్కంటా అంటుకుపోయింది. గీకలేక నా చేతులు పడిపోయాయి. ఇంత వయసొచ్చింది, కాసిని నీళ్ళన్నా పోసి పంపాలని ఇద్దరిలో ఒక్కరికీ తెలియదండీ?"

ఆవిడ తిడుతూనే ఉంది. నేను ఒక్క మాట అడ్డం రాకుండా చివరిదాకా విన్నాను. తర్వాత లేచి, కంచం దగ్గరికి జరుపుకుని అన్నం పెట్టుకున్నాను.